బెజవాడ బీచ్‌కు ఎంత తీసుకుంటావన్నా?

బెజవాడలో బీచ్ ఉంది. ఇక్కడే పుట్టి, ఇక్కడి ఎండకే జుట్టు నెరిసిన మనకు ఆ సంగతి ఇన్నాళ్లూ తెలియలేదంటే అది మన తెలివితక్కువతనం. దాన్ని కనిపెట్టిన ఘనత హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో లోకసంచారం చేసే ఒక కుర్రాడిది. పేరు చెప్పను. చెబితే ఆయనకు ఇంకో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు పెరుగుతారు. ‘రోజుకు 500లో ఎండ కాసే కోస్తా నగరం’ అని ఆయన వదిలిన వీడియో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులోకి వచ్చింది, చివరికి మా పాలాయన స్టేటస్‌లోకి కూడా వచ్చింది. ‘మన ఊరు ఫేమస్ అయింది’ అంటూ కింద దణ్ణాల బొమ్మలు.

మహానుభావుడు వచ్చింది రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండను వెతుక్కుంటూ బెజవాడ వచ్చిన మొదటి మనిషి ఈయనే అయ్యుంటాడు. మెడలో కెమెరా, చేతిలో కర్రకు తగిలించిన ఫోను, వీపున సంచి, సంచిలో మడతపెట్టిన డ్రోను. ఇవన్నీ మోసుకుని రైలు దిగిన మనిషి జేబులో ఉన్నది మాత్రం ఒక్క 500 నోటేనట. పేదరికం ఎంత బరువుంటుందో చూడండి.

స్టేషన్ బయటికి రాగానే ఆటో ఆయన్ని పట్టుకున్నాడు.

“అన్నా, బీచ్‌కు ఎంత తీసుకుంటావ్?”

“ఏ బీచ్ బాబూ?”

“మీ ఊరి బీచే.”

“బీచ్ అంటే బందరు పోవాలి బాబూ. డెబ్బై కిలోమీటర్లు. బస్టాండ్‌లో దింపుతా, అక్కడ బస్సెక్కండి.”

“మ్యాప్‌లో పక్కనే నీళ్లు కనిపిస్తున్నాయి కదన్నా.”

“అది కిష్ణ బాబూ.”

“సరే, అక్కడికే పోనీ. నలభై ఇస్తా.”

ఆటో ఆయన ఎనభై అన్నాడు. ఈయన నలభై ఐదన్నాడు. ఆయన డెబ్బైకి దిగాడు. ఈయన కెమెరా వైపు తిరిగి “గాయ్స్, టూరిస్టులని తెలిస్తే ఇలాగే దోచేస్తారు, మీరు గట్టిగా ఉండాలి” అని గీతోపదేశం చేశాడు. ఆ పక్కనే నిలబడి చల్లటి కూల్‌డ్రింక్ ఒకటి పూర్తిగా తాగాడు, రెండోది మూత తీశాడు. ఆ రెండూ లెక్కలోకి రావు, అవి ‘కంటెంట్ ఖర్చు’. ఆటో ఆయన చెమట తుడుచుకుంటూ “బాబూ, యాభై ఇచ్చి ఎక్కండి, ఎండలో నిలబడలేకపోతున్నా” అన్నాడు. అంటే బేరం కుదిరింది వడదెబ్బ వల్ల. వీడియోలో ఇక్కడ చప్పట్ల శబ్దం వేశారు.

అలా కృష్ణానదికి చేరిన మన వాస్కోడగామా బ్యారేజీ కింద ఇసుక చూశాడు. 1855 నాటి పాత ఆనకట్ట తెగిపోయాక 1957లో లేచిన ప్రకాశం బ్యారేజీ అది. నీళ్లన్నీ పైన ఆగి కాలువల్లోకి మళ్లుతాయి, డెల్టాలో వరి పండుతుంది, ఎండాకాలం కింద ఇసుక మిగులుతుంది. మనకు తెలిసిన కథ ఇంతే. ఆయన మాత్రం ఆ ఇసుకలో చెప్పులు విడిచి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, “గాయ్స్, ఎవరికీ తెలియని బీచ్! ఎంట్రీ ఫ్రీ!” అని చేతులు చాపాడు. వెనకాల మడుగులో నాలుగు గేదెలు సముద్రస్నానం చేస్తున్నాయి. ఒకటి కెమెరా వంక చూసింది. ఆ వీడియో మొత్తంలో కాస్త బుర్ర పెట్టి చూసిన ప్రాణి అదొక్కటే.

ఉండవల్లి గుహలకు నిమిషం కూడా దక్కలేదు. కొండను తొలిచి నాలుగంతస్తులు చెక్కినవాళ్లు ఆ కాలంలో రోజుకు ఎంత బడ్జెట్‌లో బతికారో ఆయన అడగలేదు, మనమూ వదిలేద్దాం.

పునుగుల బండి దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాడు. బండి పిన్నిగారు పిండిని గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలి పక్క సందులోంచి నూనెలోకి ఒక్కొక్కటే జారుస్తోంది. మణికట్టు మీద నూనె చిట్లిన పాత మచ్చలు. అది దగ్గరగా చూపించాడు, అంతవరకు మెచ్చుకోవాలి. ప్లేటు ముప్పై అంది. “ఇరవైకి ఇవ్వు పిన్నీ, వీడియోలో నీ బండి చూపిస్తా, లక్షమంది చూస్తారు” అన్నాడు. “లక్షమందికి పిండి ఎవరు రుబ్బుతారు నాయనా” అని నవ్వి, ఇరవై ఐదు తీసుకుని, కొసరుగా రెండు పునుగులు కూడా వేసింది. ఆ కొసరు రెండూ నమిలి మింగి, ‘బేరమాడితే ఎక్స్‌ట్రా కూడా ఇస్తారు’ అని తెర మీద పసుపు రంగులో రాశాడు.

బస్సులో టికెట్ కొడుతుంటే ఆయనకు ఇంకో అన్యాయం తగిలింది. ఆడవాళ్లకు ఉచితమట, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద. “లేడీస్ లక్కీ గాయ్స్” అని నిట్టూర్చాడు. నాలుగిళ్లలో అంట్లు తోమడానికి సింగ్ నగర్ నుంచి బెంజి సర్కిల్ దాకా నిలబడి వచ్చే ఆవిడకు పూటకింత చిల్లర మిగలడం ఆయనకు లాటరీలా కనబడింది.

ఇంతవరకు నేనూ నవ్వుకుంటూనే చూశాను.

తరువాత ఆయన అన్న క్యాంటీన్‌కు వెళ్లాడు. ‘రోజంతా తిండి 15 రూపాయలే, ఛాలెంజ్!’ 2018లో మొదలై, మధ్యలో ఐదేళ్లు మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న క్యాంటీన్లు ఇవి. పూటకు ఐదు రూపాయలు, మిగతాది ప్రభుత్వమూ దాతలూ భరిస్తారు. అక్కడ రేషన్ కార్డు అడగరు, నువ్వెవరని అడగరు, జీతమెంతని అడగరు. ఆకలితో వచ్చినవాణ్ణి నిలబెట్టి నీ పేదరికం రుజువు చేసుకో అనకుండా పళ్లెం చేతికివ్వడం ఒక మర్యాద. ఆ మర్యాదను మన కుర్రాడు ‘హ్యాక్’ అన్నాడు. వరుసకు అడ్డంగా స్టాండు బిగించాడు. వెనకాల కాళేశ్వరరావు మార్కెట్‌లో మూటలు దించి వచ్చినట్టున్న ఒక పెద్దాయన, భుజాన తువ్వాలు, గుప్పిట్లో ఐదు రూపాయల బిళ్ల. “అన్నా, కొంచెం ఫ్రేమ్‌లోంచి జరుగు” అన్నాడు ఈయన. ఆయన జరిగాడు. పాపం, తనదే తప్పన్నట్టు ఇంకో అడుగు కూడా వెనక్కి వేశాడు. తరువాత మనవాడు సాంబారులో ముక్కలు తక్కువని ఐదుకు మూడు స్టార్లు ఇచ్చి, సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

సిగ్గుండక్కర్లేదట్రా? నీ మెడలో వేలాడే కెమెరా ఖరీదుతో ఆ పెద్దాయన ఎన్నేళ్లు రెండు పూటలా తినొచ్చో లెక్కవెయ్యి, లెక్కలు బాగా వస్తాయిగా. అక్కడ వండేది లెక్కగా వండుతారు. అయిపోయాక వచ్చినవాడు టీ నీళ్లు తాగి మళ్లీ మూట ఎత్తుకుంటాడు. అమ్మవారి కొండ మీద అన్నదానం ఉంది, అది ప్రసాదం, ఆ పంక్తిలో కోటీశ్వరుడైనా కూర్చోవచ్చు, బయటికొచ్చి హుండీలో వెయ్యొచ్చు. నీకు ఒక్కరోజు సరదా అయిన ఐదు రూపాయల అన్నం ఇంకొకడికి సోమవారం నుంచి శనివారం దాకా జీవితం. డబ్బు లేక సంచి సర్దుకుని ఊళ్లు తిరిగే పిల్లలు నిజంగానే ఉన్నారు, వాళ్లు వచ్చి తింటే కడుపు నిండా పెట్టమనే నేనూ అంటాను. వాళ్లు సాంబారుకు స్టార్లు ఇవ్వరు.

సరే, బీపీ మాత్ర వేసుకున్నాను. మళ్లీ గంభీరంగా మాట్లాడుకుందాం.

వీడియో చివర ఆయన ఖర్చు లెక్క చెప్పాడు. మొత్తం 312 రూపాయలు. రైల్లో ఏసీ టికెట్ రాలేదు అందులోకి, కూల్‌డ్రింకులు రాలేదు, రాత్రి పడుకున్న హోటల్ గది ‘కొలాబరేషన్’ కాబట్టి అదీ రాలేదు. ఈ పద్ధతి మనకూ వర్తింపజేస్తే నా నెల ఖర్చు సున్నా. కరెంటు బిల్లు కొలాబరేషన్, ఇంటద్దె కంటెంట్.

మిగిలిన 188 రూపాయలతో వచ్చేవారం ‘అసలైన సముద్రం’ చూపిస్తానని మాటిచ్చాడు. ఎట్టకేలకు ఎవరో చెప్పినట్టున్నారు. బందరువాళ్లారా, మనవాడు మీ దగ్గరికే వస్తున్నాడు. మంగినపూడిలో నల్లమట్టి చూసి గోవాలా లేదంటాడు, పట్టించుకోకండి. మిఠాయి కొట్లవాళ్లు మాత్రం లడ్డూ ధర పెద్దక్షరాల్లో రాసి బయట వేలాడదీయండి. కొసరు అడిగితే మొహమాటపడకండి, డబ్బులు ముందు తీసుకోండి.