కాలేయం గారికి ఒక రవాణా ఫిర్యాదు

మహారాజశ్రీ కాలేయం గారికి, మీరు కాపురముంటున్న ఈ ఒంటి ఆసామి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మొన్న వచ్చిన లిపిడ్ ప్రొఫైల్, అదే నెత్తురులోని కొవ్వుల లెక్క, చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నెత్తురు చాలావరకు నీళ్లే. కొవ్వు అందులో కలవదు. అందుకే మీరు ట్రైగ్లిజరైడ్లనే కొవ్వునీ కొలెస్ట్రాల్‌నీ లోపల కుక్కి, పైన ఫాస్ఫోలిపిడ్ల పొర కప్పి, అపో-బి100 అనే ప్రొటీన్‌తో బిగించి వీఎల్‌డీఎల్ లారీలు పంపుతున్నారు. పనితనానికి వంక పెట్టను. 4536 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌ను అల్లుతూనే దానికి కొవ్వు ఎక్కించడం మాటలా? ఆ లోడింగ్ చేసే ఎంటీపీ అనే కూలీ పుట్టుకతోనే కరువైనవాళ్లకి తిన్న కొవ్వు పేగు గోడ దాటదు, విటమిన్ ఇ అందక నరాలు దెబ్బతింటాయి. అంచేత లారీలే వద్దని నేననను.

మీ పక్క శాఖ, పేగుల వారిని చూడండి. అపో-బి ప్రొటీన్‌కి వాళ్లు వాడే జన్యువూ అదే. దాని నకలులో ఒక్క అక్షరం దిద్ది, 48 శాతం దగ్గరే ప్రొటీన్‌ను తుంచేస్తారు. భోజనంలోని కొవ్వును కైలోమైక్రాన్లనే బళ్లకెక్కించి, ముందు మీ గడప తొక్కకుండా లింఫు దారిన తీసుకెళ్లి మెడ మొదట్లోని సిరలో కలుపుతారు. పెళ్లిభోజనం తర్వాత తీసిన రక్తంలో సీరం తెల్లగా మసకబారేది వాళ్ల బళ్ల వల్లే. కొన్ని గంటల్లో సరుకు దిగిపోతుంది, మిగిలిన బండిని మీరే లోపలికి తీసుకుంటారు. అంతటితో సరి.

తంటా అంతా మీ లారీలతోనే. కండరాల దగ్గరా, కొవ్వు కణాల దగ్గరా కేశనాళికల గోడకు కూర్చున్న లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము ట్రైగ్లిజరైడ్లు దింపుకుంటుంది. లారీ చిక్కిపోయి ఐడీఎల్ అవుతుంది, ఆపైన జనం 'చెడ్డ కొలెస్ట్రాల్' అనే ఎల్‌డీఎల్. కొలెస్ట్రాల్ మాత్రం లోపలే ఉంటుంది, బి100 దిగనే దిగదు. ఆ లారీ చాలావరకు మళ్లీ మీ గేటుకే, అంటే మీ కణాల మీది ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కే, చేరాలి. ఆ గేటు జాడ పట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. గోదాము నిండితే మీరు గేట్లు తగ్గించేస్తారట! పంపింది మీరే, రానివ్వనిదీ మీరే. రెండుమూడు రోజుల్లో చేరాల్సిన బండి ఇంకా వీధుల్లో తిరుగుతూ ధమని గోడలో దూరి ఇరుక్కుంటుంది, గుండె మీదికి తెస్తుంది. చెడ్డపేరు లారీకి.

చాలదన్నట్టు పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ను మీరే తయారుచేసి, బయటికి వదిలి, దాని చేత మీ గేట్లనే పీకించుకుంటారు. తన తలుపులు పీకడానికి తనే జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా? 2003లో ఫ్రాన్సులో కొన్ని కుటుంబాల్లో ఈయన అత్యుత్సాహం బయటపడింది. ఈయన్ని ఆపే ఇంజెక్షన్లు 2015 నుంచి ఉన్నాయి, ధరే చాలామందికి అందనిది.

అందేది స్టాటిన్ మాత్ర. జపాన్‌లో అకీరా ఎండో దాని మొదటి రూపాన్ని బూజులోంచి తీశారు. అది మీ సొంత కొలెస్ట్రాల్ తయారీకి అడ్డుపడుతుంది. సరుకు అయిపోతోందని బెంబేలెత్తి మీరు గేట్లు పెంచుతారు. అర్జీలు పెడితే కదలనివారు బెదిరిస్తే కదులుతారన్నమాట.

మీ జవాబు నాకు తెలుసు: మూడుపూటలా అన్నం పంపిందెవరు, పైన జిలేబీ ఎవరు వేశారు అంటారు. మిగులు పిండిపదార్థాన్ని మీరు కొవ్వు చేసి లారీలకెక్కిస్తారు, ఒప్పుకుంటాను. అది ట్రైగ్లిజరైడ్ల పద్దు. దాని గురించి వేరే ఉత్తరం రాయండి, చదువుతాను. ఇక్కడ నేనడిగేది గేటు సంగతి.

ఈ రాత్రికి మాత్ర వేసుకుంటున్నాను. గోదాము ఖాళీ అవుతోందని కంగారు పడకండి. పడినా నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ ఆసామి