నాలుగు శాతం లుక్కు

కారు కొన్న కొద్ది రోజులకే దాని టైర్లు పీలగా కనిపించడం మొదలవుతుంది. కళ్లజోడు మారిస్తే పోయే జబ్బు కాదిది, టైర్ల షాపుకే వెళ్లాలి. అక్కడ 185/65 ఆర్15 ఊడదీసి 205/65 ఆర్15 ఎక్కిస్తారు. ‘‘రిమ్ము అదేనన్నా, ఏం కాదు, లుక్కొస్తది’’ అన్నది అక్కడి వేదవాక్కు. అందులో ‘లుక్కొస్తది’ అన్నంతవరకు అక్షరసత్యం.

‘ఏం కాదు’ దగ్గర మాత్రం కాగితం, పెన్సిలు కావాలి. 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పేది. 15 అంగుళాల రిమ్ము 381 మి.మీ. దానికి పైనా కిందా 120.25 చొప్పున కలిపితే టైరు మొత్తం ఎత్తు 621.5. కొత్త టైరుకు ఇదే లెక్క కడితే 647.5. తేడా 26 మి.మీ., నూటికి 4.2. ‘65 మారలేదు కదా’ అని వాదించే విజ్ఞులున్నారు. 185లో 65 శాతమూ 205లో 65 శాతమూ ఒకటేనని వాళ్ల నమ్మకం.

ఇక మీటరు. పాపం, దానికి రోడ్డు కనిపించదు. పాత కార్లలో గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్, ఇప్పటి కార్లలో చాలావరకు చక్రం దగ్గరుండే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు. ఏదైనా లెక్కపెట్టేది చుట్లనే. చుట్టుకు ఎంత దూరమో ఫ్యాక్టరీలోనే చెప్పి పంపారు. టైరు పెరిగి చుట్టుకు ఎక్కువ దూరం పోతున్నా అది పాత లెక్కే కడుతుంది. వెనకటికి కరణంగారు గొలుసు పెట్టి పొలం కొలిచేవారు. గొలుసు సాగిందని తెలియకపోతే పొలమే తగ్గిందని రాసుకునేవారు. మన మీటరూ అంతే, నిజాయతీగా తప్పు రాస్తుంది.

దీనివల్ల లాభాలు లేకపోలేదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు ఒక చుట్టు తిరిగొస్తే మీటర్లో 151.7 పడుతుంది. ఆరు కిలోమీటర్లు ఫ్రీ! 50 వేలు తిరిగిన బండి 48 వేలే తిరిగినట్టు చూపిస్తుంది. కొనేవాడికి ఆ ముక్క చెబుతారా లేదా అన్నది మీకూ మీ దేవుడికీ మధ్య సంగతి. కాకపోతే లీటరుకు 18 ఇచ్చే బండి కాగితం మీద 17.3కి దిగుతుంది. అప్పుడు బంకువాడిని తిట్టడం ఆనవాయితీ. బరువైన టైరు నిజంగా తాగేది ఇంకొంచెం ఉంటుంది, అది దీనికి అదనం.

వేగం చూపే ముల్లు కథ ఇంకా రసవత్తరం. ఐక్యరాజ్యసమితి వారి 39వ నంబరు నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపొచ్చు, అదీ అసలు వేగంలో పదో వంతుకు మరో 4 కి.మీ. కలిపినంత వరకే. అందుకే కంపెనీలు ముల్లును కాస్త ముందుకే పెడతాయి, బస్సు తప్పిపోకుండా మనం గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుకు తిప్పుకున్నట్టు. ముల్లు 100 మీద ఉన్నప్పుడు మీ బండి 96లో పోయేదనుకోండి. కొత్త టైర్లతో ముల్లు అక్కడే, బండి మాత్రం సరిగ్గా 100. మొదట్నుంచీ సరిగ్గా చూపే మీటరైతే 104. స్పీడ్ గన్‌కు మీ టైరు సైజుతో పని లేదు. అది కారును చూస్తుంది, ముల్లును కాదు.

ఓపికుంటే సగం తప్పు దానంతటదే సర్దుకుంటుంది. టైరు మీది 8 మి.మీ. లోతు గాడి 1.6కి అరిగేసరికి టైరు ఎత్తు 12.8 మి.మీ. తగ్గుతుంది, అంటే సుమారు 2 శాతం. నమ్మకం కుదరకపోతే హైవే మీద ఒక కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్పు మీటరు సున్నా చేసి, పది కిలోమీటర్ల అవతలి రాయి దగ్గర చూడండి. 9.6 దగ్గర ఆగుతుంది. ఫోన్లో జీపీఎస్ చూసేవాళ్లు తిన్నటి రోడ్డు మీద వేగం మార్చకుండా ఒక నిమిషం పోనివ్వాలి, ఫోను చూసే పని పక్కవారికి అప్పగించాలి.

లుక్కు కావాలి, లెక్కా చెడకూడదంటే 195/55 ఆర్16 ఉంది. ఎత్తు 620.9, అంటే తేడా మిల్లీమీటరు కూడా లేదు. ముల్లుకు తెలియనే తెలియదు. కానీ నాలుగు కొత్త రిమ్ములు కొనాలి, అవి ఈ టైరుకు సరిపడే వెడల్పువై ఉండాలి, టైరు మీది లోడు నంబరు పాతదానికి తగ్గకూడదు (88 అంటే చక్రానికి 560 కిలోలు). ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లకు అసలు ఈ జబ్బే రాదు.

మిగతావాళ్లు స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లోపల వినిపించే బరబరను సంగీతంగా స్వీకరిస్తారు. ఏదో ఒక రాత్రి ముందు టైరు పంక్చరై డిక్కీ తెరిస్తే, షాపువాడు మార్చకుండా వదిలేసిన 185 స్టెప్నీ ఉంటుంది. దాన్ని బిగించి బయల్దేరితే ఒకే ఇరుసుకు రెండు సైజులు. ఎడమ చక్రం ఒక లెక్క, కుడి చక్రం ఒక లెక్క పంపుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్రగానో పసుపుపచ్చగానో ఒక హెచ్చరిక దీపం వెలిగినా వెలగొచ్చు. కరణంగారి చేతికి రెండో గొలుసు కూడా ఇచ్చారు మరి.