సరుకు లేదు, రిజిస్టర్ మాత్రం సరిగ్గానే ఉంది

పేద దేశాల్లో మందుల్లేవని కొందరు ఊరికే గగ్గోలు పెడుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లోనే అత్యావశ్యక మందుల జాబితా వేసింది. రెండేళ్లకోసారి దాన్ని సవరిస్తూనే ఉంది. జాబితా ఉంది, దాన్ని సవరించడానికి నిపుణుల కమిటీ ఉంది. ఇన్ని ఉన్నాక ఇంకా మాత్రలు కూడా కావాలంటే అత్యాశే.

ఈ వ్యవస్థలో అన్నిటికన్నా పకడ్బందీగా పనిచేసేది ఆరోగ్య కేంద్రంలోని స్టాక్ రిజిస్టర్ అని నా అభిప్రాయం. పిల్లల మలేరియా మాత్రలు జనవరి నెలాఖరుకి అయిపోయాయనుకోండి. ఫిబ్రవరిలో ఎవరికీ ఇవ్వలేదు, మార్చిలోనూ ఇవ్వలేదు. ఏప్రిల్‌లో ఇండెంట్, అంటే ఏ మందు ఎంత కావాలో అడిగే కాగితం, రాసేటప్పుడు గత నెలల వాడకం ఎంతా అని చూస్తే, సున్నా. ఎవరూ వాడని మందు ఎందుకు దండగ అని పైవాళ్లు కాసిని మాత్రమే పంపుతారు. అవి వారంలో చెల్లిపోతాయి. ఆ తర్వాతి ఇండెంట్‌లో మళ్లీ అదే సున్నా. జ్వరంతో వచ్చి ఉత్త చేతులతో తిరిగెళ్లిన పిల్లాడికి ఆ రిజిస్టర్‌లో గడి లేదు. ఉంటే లెక్కంతా పాడయ్యేది. కొన్నేళ్లు ఓపిక పడితే అక్కడ మలేరియానే లేదని కాగితం మీద తేల్చేయొచ్చు. దోమతెరల ఖర్చూ మిగులుతుంది.

ఇక దాతల ఉదారత. 1992లో యుద్ధం మొదలైన బోస్నియాకు 1996 నడిమి దాకా చేరిన మందుల్లో సుమారు 17,000 టన్నులు పనికిరానివేనని తర్వాత అంచనా వేశారు. ఇచ్చిన చెయ్యి గొప్పదా కాదా అన్నది చూడాలిగానీ సీసా మీది గడువు తేదీ చూడటం మర్యాద కాదు.

తెలివైనవాళ్లకూ కొదవలేదు. కూల్‌డ్రింక్ చేరని పల్లె ఉండదు కదా అని, ఆఫ్రికాలోని జాంబియాలో కోకాకోలా క్రేటులో సీసాల మధ్య ఖాళీలో ఇమిడేలా విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింకు కిట్ తయారు చేశారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తీరా చూస్తే చిల్లర కొట్లవాళ్లలో ఎక్కువమంది దాన్ని క్రేటులో పెట్టనే లేదు. తమకూ నాలుగు డబ్బులు మిగులుతున్నాయని మామూలు సరుకులాగే కొని పట్టుకెళ్లారు. గిట్టుబాటైతే సరుకు దానంతటదే కదులుతుందన్నమాట. ఇంత చప్పటి నిజానికి అవార్డెవరిస్తారు?

అసలు ప్రమాదం కూడా అదే జాంబియాలో పుట్టింది. 2009లో కొన్ని జిల్లాల్లో ఒక ప్రయోగం చేశారు. ఆర్డర్లు చూసుకోవడానికి జిల్లాకో మనిషిని పెట్టారు. ఏ ఆరోగ్య కేంద్రానికి ఏం కావాలో రాజధాని లుసాకాలోని కేంద్ర గోదాములోనే విడివిడిగా పెట్టెలు కట్టి, వాటిమీద దాని పేరు రాసి పంపారు. జిల్లా స్టోరుకి మిగిలింది పెట్టెలు దించి, ఎక్కించే పని. మరికొన్ని జిల్లాల్లో మనిషిని పెట్టారుగానీ స్టోరు పెత్తనం అలాగే ఉంచారు. చివరికి స్టోరు పక్కకి తప్పుకున్నచోటే మందులు బాగా దొరికాయి.

దీని పర్యవసానం ఎవరైనా ఆలోచించారా? జిల్లా స్టోరంటే స్టోర్‌కీపరు, ఆయన సహాయకుడు, ఇద్దరి దగ్గరా రెండు తాళాలు, ఆ తాళాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి వచ్చే తనిఖీ అధికారి, ఆయన జీపు, దాని డీజిల్ బిల్లు. పెట్టె అక్కడ నాలుగు వారాలు సేద తీరకుండా తిన్నగా రోగి దగ్గరికి పోతే ఇన్ని సంతకాలు ఏం కావాలి?

కాబట్టి అలాంటి ప్రయోగాలు ఇంకెక్కడైనా మొదలుపెట్టే ముందు, ఖాళీ అయ్యే స్టోరు గదుల సంగతి తేల్చాలని మనవి. పాత ఇండెంట్లు దాచుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. మాత్రల్లాగా వాటికి గడువు తీరే బాధ లేదు, ఎండకి పాడవుతాయన్న టెన్షన్ అంతకన్నా లేదు.