పాలమూరు కబడ్డీని సరిదిద్దాలి

మహబూబ్‌నగర్ మైదానాల్లో తరతరాలుగా కబడ్డీని తప్పుగా ఆడుతున్నారన్న చేదు నిజం నాకు ఈ మధ్యనే తెలిసివచ్చింది. ఫోనులో ఆడే కబడ్డీని తయారుచేస్తున్న ఒక సంస్థ, దాన్ని జనంలోకి వదిలేముందు అసలైన ఆటగాడితో ఆడించి చూడాలనుకొని, మా పక్క పల్లెలో కూతకు పేరుపడ్డ ఒకతన్ని హైదరాబాదుకు పిలిపించింది. తోడుగా నేను వెళ్ళాను. బడిరోజుల్లో 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కొలిచి సున్నంతో గీతలు గీయడం తప్ప ఆ ఆటతో నాకు వేరే చుట్టరికం లేదు.

సంస్థవారి చిత్తశుద్ధిని శంకించడానికి వీల్లేదు. ఆటగాళ్ళ ఒంటికి మెరిసే చిన్న గోళీలు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి కదలికలను పట్టుకున్నారు. అయితే నలుగురు కలిసి ఒకడిమీద పడితే గోళీలు ఒకదాని చాటున ఒకటి దాగి, ఏ కాలు ఎవరిదో కెమెరాకు తెలియదు. అందుకని పట్టేవారిని విడివిడిగా నిలబెట్టి గాలిని కౌగిలించుకోమన్నారట. ఆ రోజు గాలి ఒక్కసారి కూడా తప్పించుకోలేదని వినికిడి.

ఇక ఊపిరి. ఒకే ఊపిరిలో కూత పెడుతూ వెళ్ళి, అది తెగేలోపు నడిగీతకు ఇవతల పడాలని కదా మనం నేర్చుకున్నది! పోటీల్లో దానికి 30 సెకన్ల గడువుంది. ఫోనులో ఊపిరి ఒక పచ్చగీత. 29వ సెకనులోనూ కూతగాడి గొంతు వణకదు. మనవాళ్ళ ఊపిరితిత్తులకు ఈ క్రమశిక్షణ ఎన్నడబ్బుతుందో.

అసలు చిక్కంతా మోసం దగ్గర వచ్చింది. మంచి కూతగాడు నడుమును ఎడమకు వంచి, కాలును కుడికి చాపుతాడు. మూలనున్నవాడు ఆ నడుమును నమ్మి చెడతాడు. ఫోనులో ఎదుటివాడు కంప్యూటర్. అది నడుమును చూడదు, మన వేలు ఏ మీట మీద పడిందో చూస్తుంది. తెర సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంటే, కన్ను చూసి ఒళ్ళు కదిలేసరికి మనిషికి పది పన్నెండు బొమ్మలు దాటిపోతాయి, కంప్యూటర్‌కు ఒకటి చాలు. దాన్ని అలాగే వదిలేస్తే ఎవ్వరూ గెలవలేరు కాబట్టి కావాలనే మందకొడిగా చేస్తారు. ఆలస్యం నేర్పగలిగారు గాని, అబద్ధాన్ని నమ్మడం నేర్పలేకపోయారు. పుట్టినప్పటి నుంచి ఎదుటివాడి నడుమును నమ్ముతూ వస్తున్న మన డిఫెండర్లు ఎంత వెనుకబడి ఉన్నారో చూడండి.

మావాడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రెండు బొటనవేళ్ళతో ఆడాడు. తెరమీద డిఫెండర్ మడమకు దూకిన ప్రతిసారీ కుర్చీ కింద ఇతని ఎడమకాలు చెప్పులోంచి జారి వెనక్కి పోయేది. కాలు తప్పించుకునేది, ఫోనులోని మనిషి దొరికిపోయేవాడు. ఆడేవారికి సాయం చేయకూడదన్న నియమాన్ని మౌనవ్రతంలా పాటిస్తున్న అమ్మాయి ఒకామె, "కాలు కదుపుతున్నాడు, ఆటకు సంబంధం లేదు" అని కాగితం మీద రాసుకుంది. పదకొండుసార్లు ఓడాక, ఎంత సరదా కలిగిందో 1 నుంచి 5 వరకు మార్కులు వేయమన్నారు.

"దొరికినోనికి సరదా ఎట్లుంటదమ్మా?" అన్నాడతను.

అతని తర్వాత ఫోను అందుకున్న కుర్రాడు, బోనస్ గీత అంటే ఏమిటని అడుగుతూనే మూడో ఆటకు గెలిచాడు.

కనుక మారవలసింది మైదానమే. వచ్చే దసరా పోటీల నాటికి మన జిల్లాలో కూతకు వెళ్ళేవాడు ఏ వైపు వెళ్ళేదీ ముందుగా చేయెత్తి చెప్పాలి. పట్టేవారు అది విని, 0.2 సెకను ఆగి, అప్పుడు దూకాలి. మోకాళ్ళు దోక్కుపోవడాన్ని వెంటనే రద్దు చేయాలి. ఫోనులో ఎవరికీ దోక్కుపోలేదు.

సంస్థవారు రెండో విడత పరీక్ష పెడుతున్నారు. ఆట తెలిసినవారి వల్ల ఫలితాలు తప్పుదోవ పడుతున్నాయి గనుక, ఈసారి ఎన్నడూ కూతకు వెళ్ళనివారే కావాలట. నేను దరఖాస్తు పెట్టుకున్నాను. కబడ్డీలో అనుభవం అన్నచోట "సున్నం" అని రాశాను.