కాలిన మనిషికి గుడ్డు పెట్టండి, చుట్టూ ఉన్న గుంపును బయటికి పంపండి

2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడినప్పుడు టీవీల నిండా అదే. ఇలాంటి వార్త ఎప్పుడూ అంతే, ఆ రోజు ఎంతమంది పోయారో చెప్పుకుని ఊరుకుంటాం. ఎక్కడ కాలినా సరే, ఆస్పత్రిలో మొదటి రెండు మూడు రోజులు గట్టెక్కి, ఇంట్లోవాళ్లు 'ఇంక పర్లేదులే' అనుకున్నాక రెండో వారంలో పోయేవాళ్లుంటారు. వాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. వాళ్లను ఎక్కువగా తీసుకుపోయేది ఇన్ఫెక్షన్.

చర్మం పోతే క్రిములకు తలుపు తెరిచినట్టే, అది అందరికీ తెలుసు. తెలియనిది లోపల జరిగేది. ఒంట్లో ఐదో వంతుకు మించి లోతుగా కాలితే (వేళ్లతో కలిపి మన అరచేయి ఒంట్లో సుమారు 1 శాతం, అలా లెక్కేసుకోవచ్చు) రోగనిరోధక వ్యవస్థ మొత్తం ఒక్కసారిగా రెచ్చిపోతుంది, దాన్ని అదుపు చేయడానికి శరీరమే బ్రేకులు వేస్తుంది, ఆ బ్రేకులు కాస్తా మితిమీరిపోతాయి. తెల్ల రక్తకణాలు లెక్కకు ఉంటాయి గానీ క్రిమి ఉన్న చోటికి సరిగ్గా పోలేవు, పోయినా చంపలేవు. యాంటీబాడీలేమో గాయం నుంచి ఊరే నీటితోపాటే కారిపోతాయి. ఎంత నీరసపడుతుందంటే, చనిపోయినవాళ్ల చర్మం తెచ్చి కప్పితే మామూలుగా ఒకటి రెండు వారాల్లో తోసేయాల్సిన ఒళ్లు, ఈ స్థితిలో ఇంకా కొన్నాళ్లు ఏమీ అనకుండా ఊరుకుంటుంది. డాక్టర్లకు అది కలిసొచ్చేదే, సూడోమోనాస్ లాంటి మొండి బ్యాక్టీరియాకూ కలిసొస్తుంది. పైగా మాడిన చర్మానికి రక్తం అందదు కాబట్టి నరానికి ఎక్కించిన యాంటీబయాటిక్ అక్కడిదాకా చేరదు. అందుకే దాన్ని త్వరగా కోసి తీసేయాలంటారు, మనమేమో 'ఉన్న కాస్త చర్మం కూడా కోసేస్తారా' అని సంతకానికి రెండు రోజులు లాగుతాం.

ఇక మన పథ్యం. అనంతపురంలో ఒక ఆస్పత్రికి మాకు తెలిసినమ్మాయిని చూడ్డానికి వెళ్లాను, పొయ్యి దగ్గర చీరంటుకుంది. నర్సమ్మ రోజూ గుడ్లు పెట్టమని చెప్పి పోయిందట. మంచం కింద సంచిలో ఉడికించిన గుడ్లు నాలుగు అలాగే ఉన్నాయి.

"ఎందుకు పెట్టలేదమ్మా?" అంటే వాళ్లమ్మ, "గుడ్డు తింటే చీము పడ్తాదంట నాయనా, చారన్నం పెడ్తాండా" అంది.

అంతగా కాలిన ఒళ్లు మంచం మీద కదలకుండా పడుకున్నా సొంత కండనే కరిగించుకుంటూ ఉంటుంది. 60 కిలోల మనిషికి రోజుకు 90 నుంచి 120 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములుంటుంది, చారన్నంలో ఏముంటుంది? కారిపోయిన యాంటీబాడీలు మళ్లీ తయారవ్వాలన్నా ప్రోటీనే కావాలి. గుడ్డు మానేస్తేనే చీముకు దారిచ్చినట్టు. ఆ తల్లిని మాత్రం నేను తప్పుపట్టను, ఆమె పక్కన ఐదు నిమిషాలు కూర్చుని ఇదంతా ఎవరు చెప్పారు గనక?

మేం మాట్లాడుతుండగానే ఊరి నుంచి ఇంకో ఆరుగురు దిగారు. ఒకాయన చెప్పులతోనే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు, చేతులు కడుక్కున్నవాళ్లు ఒక్కరూ లేరు. పిల్లలు ఆకలంటే ఆ సంచిలోని గుడ్లు తీసి వాళ్ల చేతిలో పెట్టింది ఆమె.