కూత వినబడనివ్వండి

ఈసారి సంక్రాంతికి హనుమకొండ వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నన్ను పరకాల వైపు ఒక ఊళ్ళో కబడ్డీ పోటీలకు తీసుకెళ్ళాడు. ట్రాక్టరు ట్రాలీ మీద మనిషెత్తు స్పీకర్లు పేర్చారు. డీజే మోతకు నేల అదురుతోంది. ఒక కుర్రాడు 'కబడ్డీ కబడ్డీ' అంటూ ఎదుటి జట్టు వైపు కూతకు వెళ్ళాడు. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం ఎవరికీ వినబడడం లేదు. రిఫరీ అతని నోటికి చెవి ఆనించినంత పని చేశాడు. చివరికి కూత ఆగిందని ఒక జట్టు, ఆగలేదని రెండో జట్టు పావుగంట వాదించుకున్నాయి. ఆ పావుగంటా పాట మాత్రం ఆగలేదు.

కబడ్డీలో కూత ముచ్చటకు పెట్టుకున్నది కాదు, అది నియమం. 30 సెకన్ల రైడులో గుక్క తిప్పకుండా, స్పష్టంగా అంటూనే ఉండాలి. ఆపితే రిఫరీ వెనక్కి పంపి ఎదుటి జట్టుకు పాయింటు ఇస్తాడు. మా చిన్నతనంలో చెడుగుడు ఆడినప్పుడు ఆ కూతలోనే లయ ఉండేది. గీత దాటేటప్పుడు మెల్లగా, చుట్టూ చేతులు మూసుకొస్తున్నప్పుడు వడివడిగా, తప్పించుకుని వచ్చేటప్పుడు రాగం తీసినట్టుగా. కళ్ళు మూసుకున్నా ఆట ఎటు పోతోందో తెలిసేది. అలాంటి ఆటకు పైనుంచి సినిమా పాట వేయడమంటే పాడుతున్నవాడి నోరు మూసి క్యాసెట్ పెట్టడమే.

ఆటస్థలంలో సంగీతమే వద్దంటున్నానని అనుకోకండి. మా అక్కను ఇచ్చిన ఊరు బోధన్ దగ్గర. ఆ వైపు జాతర అంటే కుస్తీ ఉండాల్సిందే. గెలిచినవాడికి కొబ్బరికాయ ఇచ్చే కుస్తీతో మొదలై వెండి కడియం ఇచ్చే కుస్తీతో ముగుస్తుంది. బరి పక్కన డప్పులవాళ్ళు మంట వేసి చర్మం బిగిసేదాకా డప్పు కాచుకుని నిలబడతారు. ఒక చేతిలో సిర్ర అనే లావు కర్ర, రెండో చేతిలో చిటికెన పుల్ల అనే సన్నపుల్ల, చూపు మాత్రం పహిల్వాన్ల మీద. ఇద్దరూ మట్టి చల్లుకుని ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతున్నంతసేపూ దరువు నింపాదిగా సాగుతుంది. పట్టు పడగానే ఉరకలెత్తుతుంది. ఒకడి వీపు నేలకు తగిలిందంటే దరువు మారిపోతుంది. జనం వెనక నిలబడి ఏమీ కనిపించని నాలాంటి పొట్టివాడికి కుస్తీ అంతా చెవుల్లోనే జరిగేది.

తేడా అక్కడే ఉంది. డప్పు కొట్టేవాడు ఆట చూస్తాడు, స్పీకరు చూడదు.

అమెరికా వచ్చాక ఇదే సంగతి నాకు చికాగో బేస్‌బాల్ మైదానంలో కనిపించింది. అక్కడి రిగ్లీ ఫీల్డ్‌లో 1941లో మొదటిసారి ఆర్గాన్ అనే మీటల వాద్యం పెట్టారు. ఊళ్ళోని రెండో జట్టు వైట్ సాక్స్‌కు నాన్సీ ఫౌస్ట్ అనే ఆవిడ 1970 నుంచి 2010 దాకా ఆర్గాన్ వాయించారు. బ్యాటు పట్టుకుని వచ్చే ఆటగాడి పేరుకో ఊరుకో ముడిపెట్టి అప్పటికప్పుడు ఒక వరస ఎత్తుకునేవారు. బంతి వేస్తున్నప్పుడు నిశ్శబ్దం, ఆగినప్పుడు ఆర్గాన్. ఆవిడకు బోధన్ తెలియకపోవచ్చు, కానీ పని మాత్రం బరి పక్కన డప్పులాయన పనే.

మేనల్లుడు ఒప్పుకోలేదు. "డీజే లేకపోతే మా వయసువాళ్ళు ఎవరొస్తారు మామా?" అన్నాడు. అందులోనూ నిజముంది. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక ఆ వెలుగుల వల్లా హోరు వల్లా కూడా ఆట ఇంటింటికీ చేరింది. పరకాల వైపు నేను చూసిన పోటీలకు ఆ ఊరి ఆడపిల్లలు కూడా గుంపుగా వచ్చారు, అది నేను చిన్నప్పుడు చూడనిది. మ్యాచికీ మ్యాచికీ మధ్య డీజే ఎంత మోగినా నాకు అభ్యంతరం లేదు.

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ సంఘం జరిపే వేసవి కబడ్డీ పోటీలకు నేను అడిగేది చిన్నదే. రైడరు గీత దాటినప్పటినుంచి తిరిగి వచ్చేదాకా స్పీకరు ఆపండి. గీత పక్కన ఒక డప్పు పెట్టండి, అదైనా పాయింటు పడ్డాకే మోగాలి. క్రీడల కమిటీవారికి చెబితే వాయించేవారు ఎక్కడున్నారని అడిగారు. బతుకమ్మకు మన హాలులో డప్పు కొట్టిన ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. మంట వేస్తే అగ్నిమాపక అలారం మోగుతుందని ఆరోజు హెయిర్ డ్రయ్యర్‌తో డప్పు కాచింది కూడా వాళ్ళే. ఈసారి మైదానంలో కరెంటు ఎక్కడ దొరుకుతుందో కమిటీవారు చూస్తే, డ్రయ్యర్ నేను తెస్తాను.