గంటంపావు గారికి, సిక్కోలు నుంచి

శ్రీకాకుళం,
2026 జనవరి.

విశాఖ–హైదరాబాద్ విమాన టికెట్ మీద రెండు ఊళ్ల మధ్య గీత గీసుకుని, దాని నెత్తిన ప్రయాణ సమయంగా కూర్చునే గంటంపావు గారికి నమస్కారాలు.

విశాఖ నుంచి హైదరాబాద్ ఆకాశ మార్గాన దాదాపు 500 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 600 దాటుతుంది. విజయవాడ చుట్టి వెళ్లే రైలుకి 700 దాకా. అందరిలో మీరే చురుకని మేమూ ఒప్పుకుంటాం. కానీ మిమ్మల్ని చూపించి మియాపూర్‌లో ఉండే మా బావమరిది మమ్మల్ని సాధిస్తున్నాడు. "గంటంపావే కదా బావా! టిఫిన్ తిని బయల్దేరితే భోజనానికి ఇక్కడుంటావు" అంటాడు. తాళి కట్టడానికి అర నిమిషం చాలు కాబట్టి పెళ్లి అర నిమిషంలో అయిపోతుందన్నట్టుంది మీ లెక్క.

మీ విమానం మధ్యాహ్నం రెండింటికి. కౌంటర్ గంట ముందే మూసేస్తారు. అందుకని మేం ఎనిమిదింటికే శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో నాన్‌స్టాప్ బస్సు ఎక్కుతాం. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. పేరుకు తగ్గట్టే బస్సు ఎక్కడా ఆగదు, పైడిభీమవరం దగ్గర కంపెనీ బస్సుల వెనకా, నాతవలస టోల్ గేటు దగ్గరా తప్ప. ఆనందపురం దాటాక ఊపిరి పీల్చుకుంటామా, మధురవాడ మొదలవుతుంది. హనుమంతవాక సిగ్నల్ దగ్గర వాచీ చూసుకుంటే వచ్చే టెన్షన్‌కి మీ టికెట్‌లో గడి ఎక్కడుంది? బస్సు దిగి ఆటో అడిగితే, ఎయిర్‌పోర్టు అన్న మాట వినగానే అతను మా చెప్పుల దాకా చూసి రేటు చెబుతాడు.

ఇంతా చేసి మీరైనా నికరమా? గంటకి 800 కిలోమీటర్ల వేగంతో వెళ్లే జెట్టుకి 500 కిలోమీటర్లంటే నలభై నిమిషాల పని. మిగతాదంతా రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, ఆలస్యమైతే పరువు పోకుండా ముందే కలుపుకున్న కొసరు. అది చాలక పదిహేను నిమిషాల లోపు ఆలస్యమైతే లెక్కల్లో టైముకి వచ్చినట్టే! అదే పదిహేను నిమిషాలు మేం కౌంటర్ దగ్గర ఆలస్యమైతే?

శంషాబాద్ నుంచి మియాపూర్ సంగతి ఆ ఊరివాళ్లే మీకు రాసుకుంటారు. మేం గడప తొక్కేసరికి మా బావమరిది సాయంత్రం టీ కూడా తాగేసి ఉంటాడు. ఆమదాలవలసలో సాయంత్రం రైలెక్కితే రాత్రంతా పడుతుందన్న మాట నిజమే. కానీ ఆ రాత్రి నిద్రపోతాం. మీతో వస్తే పగలంతా క్యూలో నిలబడతాం.

ఇక మీ కొత్త ఇల్లు. విశాఖకీ సిక్కోలుకీ మధ్యనున్న భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రెండు కొబ్బరికాయల మధ్య గడిచిన నాలుగేళ్లని మీరు ఏ ప్రయాణంలో కలిపారో తెలియదు. మొన్న పరీక్షగా ఓ విమానమైతే దిగింది. మా కేంద్ర విమానయాన మంత్రి కూడా సిక్కోలు ఎంపీయే కాబట్టి ఈ ఉత్తరం దారి తప్పదని ధైర్యం.

మీరు భోగాపురానికి మారిన రోజు హనుమంతవాక బాధ మాకు పోతుంది. విశాఖవాళ్లు మాత్రం పొద్దున్నే లేచి మా వైపు రావాలి. వాళ్లకి జవాబు సిద్ధం చేసుకోండి. ఉత్తరం కాస్త ఘాటుగానే ఉంటుంది.

ఇట్లు,
నాన్‌స్టాప్ బస్సులో కిటికీ సీటు దొరకని ఒక సిక్కోలు ప్రయాణికుడు